పగడాల తొట్టికి చిన్న దీపమే చాలు

తాళిబొట్టు పక్కన నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్ర పగడం, కుజదోషానికని ఉంగరంలో పొదిగించుకునే పగడం ఎండతో పని లేకుండా పెరిగిన జీవి కట్టినది. మధ్యధరా సముద్రంలోని చీకటి గుహల్లో, వెలుతురు అందీ అందని లోతుల్లో అది బతుకుతుంది. నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులే దాని తిండి. పులికాట్ సరస్సులో కొంత భాగం మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ సరస్సులో దొరికే ఆల్చిప్పలు కూడా నీటిని వడగట్టుకుని కడుపు నింపుకునేవే. అంటే మనకు బాగా తెలిసిన పగడానికీ ఆల్చిప్పకూ దీపం అక్కర్లేదు. కానీ ఇంట్లో గాజుతొట్టిలో సముద్రాన్ని పెట్టుకోవాలని ముచ్చటపడేవారు కోరుకునేది వీటిని కాదు. వారికి కావలసినవి ఉష్ణమండలపు పగడపు దిబ్బల మీద పెరిగే జీవులు. వాటికి వెలుతురే ప్రధానమైన తిండి. అందుకే ఇలాంటి పగడాల తొట్టి, అంటే రీఫ్ ట్యాంకు పెట్టదలచినవారు మొదట అడిగే ప్రశ్న దీపం గురించే ఉంటుంది, దుకాణంవారు చెప్పే జవాబు ఎక్కువసార్లు పెద్ద దీపమే అవుతుంది. తిరుపతి, చిత్తూరు లాంటి ఎండల ఊళ్ళకు ఆ జవాబు సరిపోదు. ఇక్కడి ఇంటికి తగినది చిన్న దీపం. జీవశాస్త్రం, ఎండ, చట్టం మూడూ ఆ మాటే చెబుతున్నాయి.

వెలుతురు పగడానికి తిండి ఎలా అవుతుందన్నది శాస్త్రజ్ఞులకే చాలాకాలం తేలలేదు. 1928-29లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌కు వెళ్ళిన బ్రిటిష్ బృందానికి మారిస్ యంగ్ నాయకుడు. పగడాల కణాల్లో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటున్నాయని ఆయనకు తెలుసు. అయినా పగడం మాంసాహారి అనీ, ఆ శైవలాలు దానికి ఆహారం పెట్టవనీ ఆయన తేల్చారు. 1958లో అమెరికాలో లియోనార్డ్ మస్కటీన్, కేడెట్ హ్యాండ్ రేడియోధార్మిక కార్బన్‌తో ఒక ప్రయోగం చేశారు. పగడాలకు దగ్గరి చుట్టమైన సీ ఎనిమోన్‌లో శైవలాలు తయారుచేసిన పదార్థం ఆ జంతువు ఒంట్లోకి చేరుతోందని చూపించారు. తర్వాతి పరిశోధనలు దీన్ని బలపరిచాయి. చాలా దిబ్బ పగడాలకు రోజువారీ శక్తిలో సింహభాగం ఈ శైవలాలే ఇస్తాయి. రాతి పగడాలు సున్నపు అస్థిపంజరాన్ని కట్టుకునే వేగం కూడా చీకట్లో కంటే వెలుతురులో సగటున మూడు రెట్లు ఉంటుంది. రాక్షస ఆల్చిప్పలుగా పేరుపడ్డ ట్రైడాక్నా జాతులదీ ఇదే దారి. అవి చిప్పలు తెరిచి, రంగురంగుల పొరను ఎండకు పరిచి, అందులోని శైవలాలతో కిరణజన్య సంయోగక్రియ చేయించుకుంటాయి. ఆ పొరలో మెరిసే కణాలు వెలుతురును చెదరగొట్టి లోపలి వరసల్లోని శైవలాలకూ పంచుతాయని అలిసన్ స్వీనీ బృందం 2014లో వివరించింది. కాబట్టి దీపం కొనడమంటే తొట్టిలోని జీవులకు రోజువారీ దినుసులు కొనడమే.

మరి ఆ దినుసులను ఏ కొలతతో కొలవాలి? పెట్టె మీద అచ్చువేసే ల్యూమెన్లు ఇక్కడ పనికిరావు. ల్యూమెన్ అన్నది మనిషి కంటికి ఎంత కాంతిగా తోస్తుందో చెప్పే లెక్క. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చను అన్నిటికంటే బాగా చూస్తుంది, 450 దగ్గరి నీలాన్ని అందులో నాలుగు శాతం కూడా పట్టుకోలేదు. ఒక వాట్ ఆకుపచ్చ కాంతి 683 ల్యూమెన్లయితే, ఒక వాట్ నీలికాంతి 26 ల్యూమెన్లే. శైవలాలకు కావలసింది ఈ లెక్క కాదు, వాటి మీద పడే ఫోటాన్ల సంఖ్య. ఆ సంఖ్యలో రెండు రంగులకూ ఉన్న తేడా ఐదో వంతుకు మించదు. పైగా సముద్రపు నీరు ఎరుపును మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది, నీలాన్ని లోతుకు దిగనిస్తుంది. దిబ్బ జీవుల్లోని శైవలాలు తరతరాలుగా ఆ నీలానికే అలవాటు పడ్డాయి. అందువల్ల మన కంటికి మసగ్గా కనిపించే నీలి దీపం పగడానికి విందు కావచ్చు, గది మొత్తం వెలిగించే దీపం దానికి అరకొర కావచ్చు. అక్వేరియం వారు అడిగే కొలత పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న ఫోటాన్లు చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోళ్ళు పడుతున్నాయన్నదే ఆ లెక్క. మిట్టమధ్యాహ్నం నిండు ఎండలో అది సుమారు 2000 ఉంటుంది.

ఈ కొలతలో జీవుల అవసరాలు చూస్తే విషయం తేటపడుతుంది. పుట్టగొడుగు పగడాలు, జోవాంథిడ్లు, తోలుపగడాలు లాంటి మెత్తని జీవులకు 50 నుంచి 150 చాలు. కండ ఎక్కువగా ఉండే పెద్ద నోటి రాతి పగడాలూ దాదాపు ఆ పరిధిలోనే ఉంటాయి. చెట్టుకొమ్మల్లా పెరిగే ఆక్రోపోరా వంటి చిన్న నోటి రాతి పగడాలకు 200 నుంచి 350 దాకా ఇస్తారు. ట్రైడాక్నా మాక్సిమా అనే ఆల్చిప్పకు అంతకంటే కాస్త ఎక్కువే ఇస్తారు. ఎంత ఇస్తే అంత పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఒక హద్దు దాటాక శైవలాలు అదనపు వెలుతురును వాడుకోలేవు. వాడుకోలేని శక్తి కణంలో హానికరమైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. అప్పుడు పగడం తన శైవలాలనే బయటికి తోసేసి తెల్లబడుతుంది. కాబట్టి సరైన దీపం ఎంత ఉండాలన్నది మీరు పెంచే జీవి నిర్ణయించాలి, తొట్టి సైజు కాదు. ఇక్కడే చట్టం అడుగుపెడుతుంది.

భారతదేశంలో రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్లో ఉన్నాయి. వాటితోపాటు నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, సముద్రపు విసనకర్రలు ఆ జాబితాకెక్కాయి. ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వామోసా ఆల్చిప్పలనూ అందులోనే చేర్చారు. ఒకటో షెడ్యూల్ అంటే పులికి, ఏనుగుకు ఇచ్చినంత రక్షణ. ఉల్లంఘిస్తే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు పడుతుంది. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేల రూపాయలు. తొట్టిలోనే ముక్క నాటి పెంచామని అమ్మేవారు నోటిమాటగా చెబితే అది చట్టబద్ధం అయిపోదు. సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న విదేశీ జాతి జీవులను ఇంట్లో ఉంచుకునేవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలని అదే సవరణ నియమం పెట్టింది. ఇవన్నీ పక్కన పెడితే సామాన్యుడు ఇంట్లో పెంచుకోగలిగినవి ఆ జాబితాలకెక్కని మెత్తని జీవులే. అవి కూడా బిల్లు తీసుకుని, అనుమానముంటే అటవీ శాఖను అడిగి కొనడం మంచిది. తిరుపతి, చిత్తూరు వాళ్ళకు రంగుచేపల పెద్ద బజారు చెన్నై కొళత్తూరు. అక్కడికి బయలుదేరే ముందే కొనదలచిన జీవి పేరు తెలుసుకుని ఉండటం మేలు. ఎక్కువ వెలుతురు కోరే జీవులు, చట్టం ముట్టుకోవద్దన్న జీవులు చాలావరకు ఒకటే కాబట్టి ఈ జాబితా దీపం పని కూడా తేలిక చేస్తుంది. రాక్షస ఆల్చిప్పనూ ఆక్రోపోరానూ పక్కన పెట్టాక 300 పార్ దీపానికి ఇంట్లో పని లేదు.

అంకెలు వేసి చూద్దాం. మూడడుగుల తొట్టి 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు ఉంటే సుమారు 200 లీటర్ల నీళ్ళు పడతాయి. దాని అడుగు వైశాల్యం 0.4 చదరపు మీటర్లు. అంతటా సగటున 100 పార్ పడాలంటే సెకనుకు 40 మైక్రోమోళ్ళ ఫోటాన్లు అందాలి. మంచి ఎల్‌ఈడీ ఒక్కో వాటుకు సెకనుకు ఒకటిన్నర నుంచి రెండు మైక్రోమోళ్ళు ఇస్తుంది. నీటి మీద పరావర్తనం చెందేది, అద్దాల బయటికి పోయేది, నీళ్ళు మింగేది కలిపి సగం పోయిందనుకున్నా 50 వాట్ల దగ్గర లెక్క తెగుతుంది. రోజుకు తొమ్మిది గంటలు వెలిగితే నెలకు 14 యూనిట్లు దాటదు. అదే తొట్టిలో 300 పార్ కావాలంటే 160 వాట్లు కావాలి, నెలకు 43 యూనిట్లు ఖర్చవుతాయి. పాతకాలపు 250 వాట్ల మెటల్ హాలైడ్ అయితే 67 యూనిట్లు తాగుతుంది. కరెంటు బిల్లు ఒక్కటే ఇక్కడి లెక్క కాదు. తొట్టి మీద ఖర్చైన కరెంటులో కొంత వేడై నీళ్ళలోకి దిగుతుంది. 250 వాట్లలో సగం నీటికి చేరిందనుకుంటే, బయటికి పోయే వేడిని లెక్కలోకి తీసుకోకపోతే, 200 లీటర్ల నీరు గంటకు అర డిగ్రీకి పైగా వేడెక్కుతుంది.

ఈ అర డిగ్రీ చలిదేశాల్లో వరం. మన ఊళ్ళలో అది ప్రమాదం. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. రోహిణి కార్తె వచ్చేసరికి మిద్దె గోడలు రాత్రిళ్ళు కూడా వేడి కక్కుతుంటాయి. తొట్టి నీటిని 25, 26 డిగ్రీల దగ్గర ఉంచాల్సిన పనిని ఈ వేడి కష్టం చేస్తుంది. సముద్రంలోని పగడాలు తమ చోటి వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడిని కొన్ని వారాలపాటు భరించలేక తెల్లబడతాయి. తమిళనాడులోని మన్నార్ సింధుశాఖలో 21 దీవుల చుట్టూ ఉన్న దిబ్బలు 2010లో, 2016లో అలాగే తెల్లబడ్డాయి. దక్షిణాదిలో మన ఊళ్ళకు దగ్గరగా ఉన్న దిబ్బల్లో అవీ ఉన్నాయి. వేడికీ వెలుతురుకూ ఉన్న సంబంధం కూడా ఇక్కడే తెలుస్తుంది. వేడెక్కిన పగడంలో శైవలాల కిరణజన్య సంయోగక్రియ దెబ్బతింటుంది కాబట్టి మామూలుగా భరించే వెలుతురే దానికి భారమవుతుంది. వేడి కాలంలో నీడ కల్పించిన పగడాలు తక్కువగా తెల్లబడ్డాయని ప్రయోగాలు చూపించాయి. 2020 నుంచి గ్రేట్ బారియర్ రీఫ్ మీద ఉప్పునీటి తుంపర చల్లి, మేఘాలను మరింత కాంతిమంతం చేసి, ఎండ తగ్గించే ప్రయత్నాలు నడుస్తున్నాయి. సముద్రంలో ఎండ తగ్గించాలని తపన పడుతున్న కాలంలో ఎండల ఊరి తొట్టిలో దీపాన్ని పెంచుకోవడం తర్కానికి నిలవదు.

దీపాల్లో మూడు జాతులున్నాయి. మెటల్ హాలైడ్ పెద్ద కాంతిని ఒకే చోటు నుంచి కురిపిస్తుంది, నీళ్ళ మీద అలల నీడలు ఆడించి సముద్రాన్ని తలపిస్తుంది. కానీ దాని వేడి ఇక్కడి వేసవికి సరిపడదు. టీ5 ట్యూబులైట్లు తొట్టి అంతటా సమానంగా వెలుతురు పరుస్తాయి. చిన్న పగడాలకు అది మంచిదే, అయితే ఏడాదికోసారి ట్యూబులు మార్చాలి, వాటి వేడీ తక్కువది కాదు. ఎల్‌ఈడీకి ఇక్కడ దారి సుగమమైంది. ఆ దారి వేసింది నీలి ఎల్‌ఈడీ. దాన్ని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ దీపం 450 నానోమీటర్ల దగ్గరి నీలాన్ని తక్కువ కరెంటుతో ఇవ్వగలుగుతుంది. అంతేకాదు, ఎంత వెలగాలో ఒక బటన్‌తో తగ్గించుకోవచ్చు. తగ్గించే సౌకర్యం లేని ఎల్‌ఈడీ కొనకపోవడమే మంచిది. పెద్ద దీపం కొని సగానికి తగ్గించి వాడుకోవచ్చనే వారు ఉన్నారు. అది నిజమే, కానీ ఆ వాడకం జీవితకాలమంతా కొనసాగితే మిగతా సగానికి కట్టిన డబ్బు ఎందుకు కట్టినట్టు?

ఇక్కడ సహజంగా వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఎండ ఇంత ధారాళంగా ఉన్న ఊళ్ళో దీపం ఎందుకు, తొట్టిని కిటికీ పక్కన పెడితే పోదా? తిరుపతి మీద సూర్యుడు ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి నేరుగా నడినెత్తిన వస్తాడు. పగటి వేళ ఏడాది పొడవునా పదకొండు గంటలకు పైనే ఉంటుంది. దిబ్బల మీద కూడా దాదాపు అంతే. అయినా సముద్రంలో జీవికి పైన నీటి పొర ఎండకు అడ్డం ఉంటుంది, అడుగున లెక్కలేనంత నీరు వేడిని పంచుకుంటుంది. 200 లీటర్ల తొట్టికి ఆ రెండూ లేవు. నిండు ఎండ 2000 పార్ అన్నది గుర్తుంచుకుంటే, 100 చాలే జీవికి అది ఇరవై రెట్లు. ఆ ఎండ గాజుమీదా రాళ్ళమీదా పచ్చని పాచిని కూడా మేపుతుంది. ఉత్తరం వైపు కిటికీ నుంచి వచ్చే వెలుగు చెడుపు చేయదు, కానీ లెక్క చేసుకోగలిగినంత నిలకడగా ఉండదు. దీపం ఉపయోగం అది ఎక్కువ వెలగడంలో లేదు, రోజూ ఒకేలా వెలగడంలో ఉంది.

రెండో అభ్యంతరం చౌకదీపం వైపు నుంచి వస్తుంది. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే తెల్లని ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ ఎందుకు పనికిరాదు? నిజానికి అది బొత్తిగా పనికిరానిదేమీ కాదు. తెల్లని ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలి చిప్పే. దానిమీద పూసిన ఫాస్ఫర్ పొర ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. 6500 కెల్విన్ల తెల్లదీపం కింద మెత్తని పగడాలు బతుకుతాయి, పెరుగుతాయి. దాని లోపాలు వేరే రెండు. ఆ దీపంలో పాచికి ఇష్టమైన పసుపు, ఎరుపులు ఎక్కువ. పగడాల ఒంట్లో నీలానికి ఆకుపచ్చగా, నారింజగా మెరిసే ప్రొటీన్లు దాని కింద అంతగా వెలగవు. అంటే రీఫ్ దీపం ధరలో ఒక భాగం పగడం తిండికి, మరో భాగం మన కంటి ముచ్చటకు. రెండింటినీ విడదీసి చూసుకుంటే ఎవరి స్తోమతను బట్టి వారు తేల్చుకోవచ్చు. ఫ్లడ్‌లైట్ నీళ్ళ మీద వేలాడదీసేది కాబట్టి, ఉప్పు తేమ తగిలితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. వాటర్‌ప్రూఫ్ గుర్తు, ఎర్తింగ్ లేనిదాన్ని ఎంత చౌకైనా తొట్టి మీద పెట్టకూడదు.

తక్కువ వెలుతురులో పగడాలు పొడుగ్గా సాగి, రంగు కోల్పోతాయని అనుభవజ్ఞులు చెప్పే మాట కూడా నిజమే. మెత్తని పగడం మెడ చాచి పైకి లేస్తుంటే వెలుతురు తక్కువైందని, ముడుచుకుని పాలిపోతుంటే ఎక్కువైందని అర్థం. దాని జవాబు దీపం మార్చడంలో ఉండదు, ఎక్కువసార్లు జీవిని పైకో కిందికో జరపడంలో ఉంటుంది. 50 సెంటీమీటర్ల తొట్టిలో పై రాతి మీదా, ఇసుక మీదా పార్ ఒకటి కాదు. కొత్తగా తెచ్చిన పగడాన్ని మొదట అడుగున ఉంచి, దీపాన్ని మూడో వంతు బలంతో వెలిగించి, నాలుగైదు వారాల్లో మెల్లగా పెంచడం మేలు. శైవలాలు కొత్త వెలుతురుకు సర్దుకోవడానికి అంత వ్యవధి కావాలి. పార్ మీటరు ఖరీదైనది, ఫోనుల్లోని యాప్‌లు ఆ పని నమ్మకంగా చేయలేవు. తయారీదారు ఏ ఎత్తులో ఏ లోతులో ఎంత పార్ వస్తుందో ఇచ్చిన పటం ఉన్న దీపమే కొనడం అంతకంటే సులువు. నీటి మీది అద్దానికి పేరుకున్న ఉప్పును వారానికోసారి తుడవాలి. నీరు పసుపుగా మారితే నీలాన్ని మింగుతుంది, యాక్టివేటెడ్ కార్బన్ వాడితే అది తగ్గుతుంది. వేసవిలో ఫ్యాను గాలితో నీటిని చల్లార్చేవారు ఆవిరై తగ్గిన మేరకు ఆర్‌వో నీళ్ళే పోయాలి. ఉప్పునీళ్ళు పోస్తే లవణం పెరిగిపోతుంది.

ఇంకొక ప్రశ్న కరెంటు పోయినప్పుడు ఏం చేయాలన్నది. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉన్నా, వేసవిలో గాలివానలొస్తే కరెంటు పోకుండా ఉండదు. అప్పుడు దీపం ఆరిపోయినందుకు కంగారు పడనక్కర్లేదు. మబ్బు కమ్మిన రోజు దిబ్బ మీదా అంతే, ఒకటి రెండు రోజులు తక్కువ వెలుతురుతో పగడం గడపగలదు. నిలిచిపోయిన నీటి ప్రవాహాన్ని మాత్రం చేప భరించదు, ఎండవేళ ఆగిన శీతలీకరణను పగడమూ భరించదు. ఇన్వర్టర్ మీద పెట్టవలసింది మోటారునూ గాలిపంపునూ, దీపాన్ని కాదు. చిన్న దీపం ఇక్కడ మరో విధంగా మేలు చేస్తుంది. అది పోసే వేడి తక్కువ కాబట్టి నీటిని చల్లబరిచే చిల్లర్ మీద, దాని బిల్లు మీద భారం తగ్గుతుంది.

కాబట్టి కొనే వరస తలకిందులు కావాలి. మామూలుగా జనం దీపం చూసి, తర్వాత తొట్టి, తర్వాత జీవి, చివరన చిల్లర్ ఆలోచిస్తారు. ముందు చట్టం అనుమతించే జీవిని ఎంచుకోవాలి. తర్వాత వేసవిలో నీటిని 26 డిగ్రీల దగ్గర నిలపడానికి ఎంత ఖర్చవుతుందో చూడాలి. ఆ ఖర్చు భరించలేమనిపిస్తే ఆశను ఆ దశలోనే ఆపుకోవాలి, తప్పేమీ లేదు. దీపం మాట ఆఖరున వస్తుంది. అప్పటికి అది 50 వాట్ల ఎల్‌ఈడీగా, తగ్గించుకునే బటన్‌తో, ఒక టైమరుతో తేలిపోయి ఉంటుంది. దుకాణంవారు దానికంటే పెద్దది చూపించి ఇంకా బాగా వెలుగుతుందంటే, ఏ జీవి కోసమని ఒక్క మాట అడగండి. ఆ జీవి పేరు చట్టం జాబితాలో ఉంటే ఆ దీపం మీకు అక్కర్లేదు. లేకపోతే దాని అవసరాన్ని పార్‌లో చెప్పమనండి.